మనిషిని చూడకుండా మెట్ల లిఫ్టు అమ్మవద్దు

ఒడిశా సరిహద్దు జిల్లాలలో దివ్యాంగుల సంక్షేమం చూసే అధికారులకు, మెట్ల లిఫ్టులు అమ్మేవారికి, బిగించేవారికి, పునరావాస వైద్యులకు, ఫిజియోథెరపిస్టులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను బరంపురం పాత వీధుల్లో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయినిని. మా ఇంట్లో మెట్ల లిఫ్టు వల్ల, అంటే మెట్ల పక్క పట్టా మీద మనిషిని కూర్చోబెట్టి ఎక్కించి దించే కుర్చీ వల్ల, జరిగిన ప్రమాదం గురించి పదకొండు నెలల్లో మూడు అర్జీలు పెట్టాను. మొదటి దానికి ముద్ర వేసి నకలు ఇచ్చారు. రెండో దానికి, మొదటిది పరిశీలనలో ఉందన్నారు. మూడో దానికి, ఇది తమ శాఖ పని కాదన్నారు. అర్జీలు తెలుగులో రాసినందువల్ల ఇలా జరిగిందని ఎవరూ అనుకోవద్దు. తరతరాలుగా ఈ ఊళ్లో ఉంటున్నవాళ్లం, మూడూ ఒడియాలోనే రాసి ఇచ్చాను. ఏ ఒక్క కార్యాలయాన్నో, ఏ ఒక్క దుకాణాన్నో నలుగురిలో నిలదీయాలని ఈ లేఖ రాయడం లేదు కాబట్టి పేర్లు పెట్టడం లేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో మాలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, వాటిలో మూడు కుటుంబాలవారు నాతో మాట్లాడి తమ సంగతి కూడా చెప్పమన్నారు కాబట్టి, రాస్తున్నాను.

మా ఇల్లు ఈ వీధిలోని మిగతా ఇళ్లలాంటిదే. రెండు పక్కల గోడలూ పొరుగువారితో కలిసి ఉంటాయి. ఇల్లు వీధి వాకిలి నుంచి వెనక్కి రైలు పెట్టెలా పొడవుగా పోతుంది. కింద మగ్గాల గది, పైన కాపురం, ఆ రెంటికీ మధ్య గోడల నడుమ ఇరుకుగా లేచే పద్నాలుగు మెట్లు. మెట్టు ఎత్తు 8 అంగుళాలు, అడుగు పెట్టే చోటు 9 అంగుళాలు, దారి మొత్తం వెడల్పు 33 అంగుళాలు. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదనీ, అడుగు పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదనీ జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆ లెక్కన కట్టిన మెట్ల వాలు 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. మా తాతగారు ఏ నియమావళీ చూడకుండా సున్నపు గచ్చుతో కట్టించిన మెట్ల వాలు 42 డిగ్రీల దగ్గరకు వస్తుంది. చంటిపిల్లను చంకన వేసుకుని ఎక్కినన్నాళ్లూ ఆ తేడా నాకు తెలియలేదు.

నా భర్తకు ఆరేళ్ల కిందట వెన్నుపూసకు దెబ్బ తగిలింది. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు, కదలిక లేదు. ఆనుకోవడానికి ఏదీ లేకపోతే నడుం నిలబడదు, ముందుకో పక్కకో ఒరిగిపోతారు. అప్పుడప్పుడు కాళ్లు వాటంతటవే బిగదీసుకుని ఎగిరిపడతాయి. పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు వచ్చి కుర్చీతో సహా మోసి దించేవారు. వాళ్లలో ఒకరు సూరత్ వెళ్లిపోయాక ఆయన నాలుగు నెలలు వీధి ముఖం చూడలేదు. అప్పుడే మెట్ల లిఫ్టు కొనాలనుకున్నాం.

సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న ఒక డీలరుతో ఫోన్‌లో మాట్లాడాం. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు: మెట్లు ఎన్ని, మనిషి బరువు ఎంత. మూడు లక్షలకు కాస్త తక్కువగా కొటేషన్ వచ్చింది. సగం ముందుగా కట్టాం. ఫిట్టర్ ఒకరు వచ్చి మూడు గంటల్లో బిగించి, రిమోట్ చేతికిచ్చి, కొబ్బరికాయ కొట్టించి వెళ్లిపోయారు. ఇరవై మూడో రోజున కుర్చీ కిందికి దిగుతుండగా ఆయన ఎడమ కాలు ఎగిరిపడి పాదం పలక మీద నుంచి జారింది. పలక అంచుకూ మెట్టుకూ మధ్య మడమ నలిగింది. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు. కుర్చీ కింద ఆగాక మెట్ల మీద వరసగా కనిపించిన రక్తపు మరకలు చూసి నేను గుర్తించాను. పలక అంచుకు ఏదైనా తగిలితే లిఫ్టు ఆగిపోవాలి, అందుకే అక్కడ స్విచ్ ఉంటుంది. మా లిఫ్టులో అది పైకి వెళ్లేటప్పుడు మాత్రమే పనిచేసేది, కిందికి దిగే వైపు తీగ కలపనేలేదు. ఈ మాట నెల తరవాత ఆ ఫిట్టరే ఫోన్‌లో మామూలుగా చెప్పారు. ఆ పుండు మానడానికి నాలుగున్నర నెలలు పట్టింది. డీలరేమో వాడిన తీరు సరిగా లేదని, వారంటీ వర్తించదని అన్నారు.

అర్జీ పట్టుకుని తిరిగిన సంగతి క్లుప్తంగా చెబుతాను. దివ్యాంగుల విషయాలు చూసే చోట, ఇది యంత్రం కాబట్టి విద్యుత్తువారిని అడగమన్నారు. విద్యుత్తు తనిఖీ చూసే చోట, ఇది ఇంట్లో కుర్చీ, భవనంలో లిఫ్టు కాదన్నారు. పురపాలక సిబ్బంది, లోపలి సామానుతో తమకు సంబంధం లేదన్నారు. డీలరు ఉన్న ఊళ్లో అడిగితే, ఇల్లు ఒడిశాలో ఉంది కదా అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అనే మాట పిల్లలకు పాఠంలో ఎన్నోసార్లు చెప్పాను. అరవై దాటాక దాని అర్థం నాకు తెలిసివచ్చింది.

మెట్ల లిఫ్టు చెడ్డ వస్తువని నేను అనడం లేదు. అది నిన్న మొన్న వచ్చింది కూడా కాదు. జబ్బుపడి మేడ దిగలేని మిత్రుణ్ణి చూసి అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన సి. సి. క్రిస్పెన్ అనే ఆయన 1920ల తొలినాళ్లలో మెట్ల పక్క పట్టా మీద నడిచే కుర్చీని తయారుచేశారు. ఆయన మిత్రుణ్ణి చూసి కుర్చీ చేశారు, మాకు మనిషిని చూడకుండానే కుర్చీ వచ్చింది. మా ఫిర్యాదు మొత్తం ఆ ఒక్క తేడా గురించే. దాని ఫలితాలనూ, మేము కోరేవాటినీ కింద వరసగా రాస్తున్నాను.

1. మొదట చూడవలసింది మెట్టును కాదు, మనిషిని. కుర్చీ రకం లిఫ్టు ఒకలాంటి మనిషికి సరిపోతుంది: చక్రాల కుర్చీ నుంచి లిఫ్టు కుర్చీలోకి తనంతట తానుగానో ఒకరి సాయంతోనో మారగలిగి, అర నిమిషానికి పైగా నిటారుగా కూర్చోగలిగి, పాదాలు పలక మీద నిలుపుకోగలిగే మనిషికి. మా మెట్ల వాలు పొడవు 4.3 మీటర్లు. ఇలాంటి లిఫ్టులు సెకనుకు 15 సెంటీమీటర్ల వేగం మించకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 81-40 చెబుతుంది కాబట్టి, ఎంత బాగా నడిచినా ఒక్కో ప్రయాణానికి దాదాపు అర నిమిషం పడుతుంది. నడుం నిలవని మనిషికి తొడల మీదుగా వేసే ఒక్క బెల్టుతో అర నిమిషం చాలా ఎక్కువ సేపు. ఆయనకు ఛాతీని పట్టి ఉంచే బెల్టు, కాళ్లు జారకుండా మడమల వెనక పట్టీ, ఒత్తిడి పుండ్లు రానివ్వని మెత్త అవసరం. ఇన్నీ పెట్టాక కూడా కుర్చీ లిఫ్టు ఆయనకు తగదని, చక్రాల కుర్చీతో సహా ఎక్కించే పలక లిఫ్టు కావాలని, అది మా 33 అంగుళాల దారిలో పట్టదని, అందువల్ల కింది గదినే కాపురానికి మార్చుకోవడం మేలని ఎవరైనా చెప్పి ఉండవలసింది. "ఇది మీకు సరిపోదు" అన్న ఒక్క మాట మాకు మూడు లక్షలు, ఒక మడమ మిగిల్చేది. ఆ మాట చెప్పగలిగినవారు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఇక్కడ వైద్య కళాశాల ఉంది, ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. వారిని అడగాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. కాబట్టి మా మొదటి కోరిక ఇది: అర్హత కలిగిన థెరపిస్టు ఇంటికి వచ్చి, మనిషిని ఆ మెట్ల దగ్గరే చూసి, రాసి ఇచ్చిన కాగితం లేకుండా ఏ దివ్యాంగుడికీ మెట్ల లిఫ్టు అమ్మకూడదు. ప్రయాణ ఖర్చును ప్రభుత్వం భరించాలి. కోరాపుట్ కొండల్లో ఉన్నవారికి అది లేకపోతే ఈ కాగితం ఇంకో అడ్డంకి మాత్రమే అవుతుంది.

2. పర్లాకిమిడిలోని ఒక కుటుంబం సంగతి. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన తల్లికి బిగించిన లిఫ్టులో మీట కుడి చేతి వైపు ఉంది. మీటను నొక్కి పట్టుకుంటేనే కుర్చీ కదిలేలా, వదిలితే ఆగేలా చేయడం మంచి రక్షణే, కాని నొక్కవలసిన చెయ్యే పనిచేయదు. ఆమె ఎడమ చేతిని ఒళ్లో నుంచి అడ్డంగా చాచి మీట నొక్కేవారు. అలా చాచినప్పుడు ఒళ్లంతా మెట్ల వైపు ఒరిగేది. చాలా లిఫ్టులలో మీటను రెండో చేతి మీదికి మార్చడం చిన్న పని. ఎనిమిది నెలలు ఎవరూ వచ్చి మార్చలేదు.

3. పై మెట్టు దగ్గర దిగడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం. కుర్చీ మెట్ల అంచునే ఆగుతుంది. అక్కడ లేచేవారి కాలు తడబడితే పడేది పద్నాలుగు మెట్లు కిందికే. అందుకే మంచి లిఫ్టులో పైన ఆగాక కుర్చీ గదివైపు తిరిగి, అక్కడే గడియ పడినట్టు బిగిసిపోతుంది. తిరిగి మామూలు స్థితికి వచ్చి గడియ పడేదాకా లిఫ్టు కదలదు. కొన్ని చవక రకాలలో కుర్చీ తిరుగుతుంది గాని బిగియదు, కొన్నిటిలో అసలు తిరగదు. కొటేషన్‌లో "రివాల్వింగ్ సీట్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. అది బిగుస్తుందా, బిగిసి ఉండగా లిఫ్టు కదలకుండా ఆగుతుందా అన్నది రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. అలాగే పట్టా పైకొస మెట్టుతో ఆగిపోకుండా గదిలోకి కొంత దూరం వచ్చేలా చేసే వీలు ఉంటే, దాని ఖర్చు ఎంతో కొనేవారికి ముందే చెప్పాలి.

4. పట్టాను చాలామంది గోడకు బిగిస్తారని అనుకుంటారు. సాధారణంగా దాన్ని మెట్లకు బిగిస్తారు, బరువంతా మెట్లే మోస్తాయి. సిమెంటు కాంక్రీటు మెట్టులో బోల్టు పట్టినట్టు సున్నపు గచ్చులో పట్టదు. పైన కడప రాతి పలక పరిచి ఉంటే అసలే పట్టదు, రాయి చీలుతుంది. మా ఇంట్లో నాలుగో మెట్టు దగ్గర బోల్టు వేలితో తిప్పితే తిరుగుతోంది. పాత వీధుల్లోని ఇళ్లలో సగానికి సగం ఇలాంటివేనని నా కళ్లతో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. బిగించే ముందు మెట్ల గట్టిదనాన్ని పరీక్షించి, అవసరమైతే కింద ఇనుప పలక వేసి, బిగించాక ఆ లిఫ్టు మోయగలదని చెప్పిన పూర్తి బరువుతో ఒకసారి పైకీ కిందికీ నడిపి చూపాలి. మాకు ఖాళీ కుర్చీని నడిపి చూపారు.

5. వెడల్పును ఖాళీ మెట్ల మీద టేపు పెట్టి కొలిస్తే చాలదు. కూర్చున్న మనిషి మోకాళ్ల కొస నుంచి వీపు వెనక పట్టా వైపు గోడ దాకా ఎంతో కొలవాలి, మెట్లు పైకప్పు కిందికి వచ్చే చోట తల తగులుతుందేమో చూడాలి. కింద వీధి వాకిలికి పట్టా కొస అడ్డం వస్తే మడత పడే రకం వాడాలి. మా వీధిలో ఒక ఇంట్లో ఆ కొసకు తట్టుకుని పడింది దివ్యాంగుడు కాదు, పాలు పోయడానికి వచ్చిన మనిషి.

6. కరెంటు సంగతి ఈ తీరంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర లేదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉంది. నేరుగా ఇంటి కరెంటుతో నడిచే లిఫ్టు కొంత చవకగా వస్తుంది. కరెంటు పోగానే మనిషిని మెట్ల మధ్యలో కూర్చోబెట్టి ఆగిపోతుంది. కుర్చీలోనే బ్యాటరీలు ఉన్న రకానికి ఆ బాధ లేదు, కరెంటు లేకున్నా కొన్ని సార్లు ఎక్కి దిగవచ్చు. అయితే దానికీ ఒక షరతు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చాలా రకాలలో పట్టా రెండు కొసల దగ్గర మాత్రమే చార్జింగ్ అవుతుంది. కుర్చీని మధ్యలో వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. బ్యాటరీలను కొన్నేళ్లకొకసారి మార్చాలి, ఆ ఖర్చు కొన్ననాడే తెలియాలి. అన్నీ ఆగిపోయినప్పుడు చేత్తో తిప్పి కుర్చీని దించే పిడి ఒకటి ఉంటుంది. మాకు ఆ పిడి ఇవ్వలేదు, అది ఉంటుందన్న సంగతి కూడా ప్రమాదం జరిగాకే తెలిసింది. దివ్యాంగులకు అమ్మే ప్రతి లిఫ్టుకూ బ్యాటరీ, చేతి పిడి తప్పనిసరి చేయాలి. ఆ పిడి తిప్పడం ఇంట్లో ఇద్దరికి, పక్కింట్లో ఒకరికి నేర్పి వెళ్లాలి.

7. ఉప్పుగాలి. గోపాల్‌పూర్ వైపు ఒక ఇంట్లో రెండు వర్షాకాలాలు గడిచేసరికి చార్జింగ్ అయ్యే చోట రాగి రేకులు పచ్చబడి, కుర్చీ రాత్రంతా పైన నిలిచినా చార్జింగ్ కాలేదు. తెల్లవారి ఆసుపత్రికి దిగవలసిన పెద్దాయన మూడో మెట్టు మీద ఇరుక్కున్నారు. తీర ప్రాంతంలో అమ్మే యంత్రాన్ని ఏడాదికి రెండుసార్లయినా చూసి వెళ్లే ఏర్పాటు ఉండాలి.

8. మరమ్మతు చేసేవారు ఎంత దూరంలో ఉన్నారన్నది ధరకన్నా ముఖ్యం. బరంపురానికి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, విశాఖపట్నం 250 కిలోమీటర్లకు పైనే. మెకానిక్ వచ్చేదాకా మేడమీది మనిషి మేడమీదే ఉండాలి. మా లిఫ్టుకు మొదటిసారి మెకానిక్ రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజుల్లోనే ఆయన డ్రెస్సింగ్ కోసం రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. ఒక్కోసారి ఆయన్ను దించడానికి నలుగురికి కూలి ఇచ్చాం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మోసి దించే అలవాటు తప్పిన పక్కింటివారిని మళ్లీ బతిమాలుకోవలసి వచ్చింది. ఈ నాలుగు జిల్లాలలో లిఫ్టు అమ్మదలచిన ప్రతి సంస్థా జిల్లాలోనే శిక్షణ పొందిన మెకానిక్కు ఒకరిని చూపించాలి, ముఖ్యమైన విడిభాగాలు అక్కడే ఉంచాలి, ఫిర్యాదు చేసిన రెండు రోజుల్లో మనిషి రావాలి. అది చేయలేనివారు ఇక్కడ అమ్మకుండా ఉండడమే మాకు మేలు.

9. కాగితాలు. మాకు అందింది ఒక బిల్లు, ఇంగ్లీషులో ముద్రించిన పలచటి పుస్తకం. ఏ ప్రమాణం ప్రకారం తయారైందో అందులో లేదు. యూరప్ ప్రమాణం పైన చెప్పాను, అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 9386 రెండో భాగం ఉంది, అమెరికాలో ఏఎస్‌ఎంఈ ఏ18.1 ఉంది. వీటిలో దేనికి లోబడి చేశారో, దానికి రుజువేమిటో కొటేషన్‌లోనే రాయాలి. బిగించిన రోజున బెల్టు, పలక అంచుల స్విచ్‌లు రెండు వైపులా, కుర్చీ గడియ, పట్టా కొసల దగ్గర ఆపే స్విచ్, వేగం మించితే పట్టి ఆపే బ్రేకు, పిల్లలు ఆడకుండా వేసే తాళం, ఇవన్నీ ఒక్కొక్కటిగా నడిపి చూపి, ఇంటివారి సంతకం, ఫిట్టరు సంతకం తీసుకోవాలి. ఆ కాగితం, వాడే పద్ధతి ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఈ జిల్లాలలో ఏ ఇంట్లో ఏ భాష చదవగలరో అమ్మేవారు అడిగి తెలుసుకోవచ్చు. రాయగడలో తొమ్మిదేళ్ల బిడ్డకు పెద్దవాళ్ల కొలత బెల్టు వేసి పంపారు. ఆ తల్లి తన పాత చీర చింపి రెండో కట్టు కట్టి నడుపుకుంటోంది. ఎంత బరువు దాకా మోస్తుందో పుస్తకంలో ఉంది, ఎంత చిన్నవారికి వాడకూడదో లేదు.

10. ఎవరు బాధ్యులు. మహారాష్ట్రలో 1939 నాటి లిఫ్టుల చట్టం స్థానంలో 2017లో కొత్త చట్టం తెచ్చుకున్నారు. ఇక్కడ మా మెట్ల మీద నడిచే యంత్రాన్ని ఎవరు తనిఖీ చేయాలో చెప్పేవారు నాకు ఇంతవరకు దొరకలేదు. జిల్లాకు ఒక అధికారిని పేరుతో, ఫోన్ నంబరుతో నియమించండి. ఆయన ఏ శాఖవారైనా మాకు అభ్యంతరం లేదు. ఇప్పటికే బిగించి ఉన్న లిఫ్టుల జాబితా తయారుచేసి, ఆరు నెలల్లో ఒక్కసారైనా వాటిని చూడాలి.

11. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సాయపడే పరికరాలు అందించే పథకాల గురించి దాని 24వ సెక్షన్ చెబుతుంది. అయినా శిబిరంలో మా చేతికిచ్చిన దరఖాస్తులో చక్రాల కుర్చీకి, మూడు చక్రాల బండికి, వినికిడి యంత్రానికి గడులు ఉన్నాయి గాని, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి మేడ ఎలా దిగాలన్నదానికి గడి లేదు. మెట్ల లిఫ్టుకు కొంత సాయం ఇవ్వండి, కాని ఊరికే డబ్బు ఇవ్వవద్దు. మొదటి కోరికలో చెప్పిన థెరపిస్టు కాగితం, తొమ్మిదో కోరికలో చెప్పిన పరీక్షల కాగితం ఉంటేనే ఇవ్వండి. లిఫ్టు తగదని థెరపిస్టు రాస్తే, అదే సొమ్ముతో కింది గదిలో మరుగుదొడ్డి కట్టుకోనివ్వండి. నిజానికి చాలా ఇళ్లకు అదే చవక, అదే క్షేమం.

12. ఒక జాగ్రత్త. ఈ లేఖ చూసి, ప్రభుత్వ కార్యాలయాల మెట్లకు కూడా కుర్చీ లిఫ్టులు తగిలించి పని అయిపోయిందనుకుంటారేమోనని భయం. నలుగురూ నడిచే మెట్లను పట్టా ఇరుకు చేస్తుంది, మంటలు లేచినప్పుడు అదే దారి అందరికీ కావాలి. కార్యాలయాలకు ర్యాంపు, మామూలు లిఫ్టు కావాలి. ప్రజలు వాడే పాత భవనాలను అయిదేళ్లలో అందుబాటులోకి తేవాలని దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ చెప్పింది, ఆ గడువు ఎప్పుడో దాటింది. అందుబాటు ప్రమాణాలు కేవలం సిఫారసులుగా ఉంటే చాలదనీ, తప్పనిసరి నియమాలు కావాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పి, కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. నేను రెండో అర్జీ ఇచ్చిన గది రెండో అంతస్తులో ఉంది. దివ్యాంగుల అర్జీలు అక్కడే తీసుకుంటారు.

13. సరిహద్దు. డీలరు ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉంటే ఫిర్యాదు అమ్మినవారి ఊళ్లోనే ఇవ్వాలని మాతో అన్నారు. అది తప్పు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవారు తాము ఉన్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా ఉంటే రుసుము కూడా లేదు. లోపమున్న వస్తువు వల్ల ఒంటికి హాని జరిగితే తయారుచేసినవారు, అమ్మినవారు బాధ్యత వహించాలని అదే చట్టం చెబుతుంది. ఇది నాకు ఒక పూర్వ విద్యార్థి, ఇప్పుడు వకీలు, చెప్పేదాకా తెలియదు. ప్రతి కొటేషన్ కింద ఈ మూడు సంగతులు అచ్చు వేయించండి.

ఫిజియోథెరపిస్టులకు, పునరావాస వైద్యులకు విడిగా ఒక మాట. మీ దగ్గరకు వచ్చిన ప్రతి రోగినీ ఇంట్లో ఎన్ని మెట్లు ఉన్నాయని అడగండి. మెట్ల లిఫ్టు కొనబోతున్నామంటే, వద్దు అనో, ఫలానా రకం అనో చెప్పడానికి మొహమాటపడకండి. అమ్మేవారు ఇచ్చే కమిషన్ తీసుకునేవారు మీలో లేరనే నేను అనుకుంటున్నాను.

ఈ లేఖ వెలువడిన అరవై రోజుల్లోగా, పైన చెప్పినవాటిలో వేటిని ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము. ఒకటి, ఆరు, తొమ్మిది, పది అంకెల్లోని కోరికలకు కొత్త చట్టం రానక్కర లేదని, జిల్లా స్థాయి ఉత్తరువుతోనే మొదలుపెట్టవచ్చని మా మనవి. జవాబు రాకపోతే దివ్యాంగుల హక్కుల చట్టం 80వ సెక్షన్ కింద రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ గారి ముందు నాలుగు కుటుంబాలవారం కలిసి అర్జీ పెడతాము. వారు సిఫారసు చేస్తే దాని మీద ఏం చేశారో మూడు నెలల్లో తెలపవలసిన బాధ్యత 81వ సెక్షన్ ప్రకారం సంబంధిత శాఖ మీద ఉంటుంది. మా ఇంటి లిఫ్టు విషయం వినియోగదారుల కమిషన్ ముందు విడిగా నడుస్తుంది.

నా భర్త ఇప్పుడు కింద మగ్గాల గదిలో, రెండు మగ్గాలు తీయించిన చోట, మంచం వేసుకుని ఉంటున్నారు. లిఫ్టును పై మెట్టు దగ్గర ఆపి తాళం వేశాను, కిందికి దిగే వైపు తీగ ఇప్పటికీ కలపలేదు, నాలుగో మెట్టు బోల్టు అలాగే ఉంది. తనిఖీకి వచ్చేవారు ముందు రోజు కబురు చేస్తే చాలు, తాళం చెవి తీసి ఉంచుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గంజాం, గజపతి, రాయగడ జిల్లాలకు చెందిన నాలుగు కుటుంబాల తరఫున,
బరంపురం.